కనబడుట లేదు

మారతహళ్లి వంతెన దగ్గరున్న మా ఆఫీసులో గత శుక్రవారం ఒక క్లాస్ తప్పిపోయింది. బడిలో క్లాస్ కాదు, జావా క్లాస్, అంటే జావా భాషలో రాసిన ప్రోగ్రామ్‌లో ఒక ముక్క. ఇలాంటప్పుడు ప్రకటన ఇవ్వడం మన ఆనవాయితీ కాబట్టి బాధ్యత గల పౌరుడిగా నేనే రాస్తున్నాను. వయసు: రెండు వారాలు. పేరు: చాలా పొడుగు, చివర ఎక్సెప్షన్ (ఏదో తేడా వచ్చిందని చెప్పే కబురు) అని వస్తుంది, మధ్యలోది ఎవరూ చదవలేదు. చివరిసారి కనిపించిన చోటు: సర్వర్‌లో లిబ్ ఫోల్డర్. పుట్టుమచ్చ: మొదటి నాలుగు బైట్లను హెక్స్‌లో చూస్తే కేఫ్‌బేబ్ అని ఉంటుంది. ప్రతి జావా క్లాసుకూ అదే పుట్టుమచ్చ ఉంటుంది కనుక దాన్ని పట్టుకుని వెతకడం వృథా.

జరిగింది ఇదీ. కస్టమర్ గోడౌన్‌లో ఉన్న కంప్యూటర్ మీద ఆర్డర్ బటన్ నొక్కగానే తెర నిండా ఎర్ర అక్షరాలు.

"అన్నా, క్లాస్ నాట్ ఫౌండ్ అంటోంది," అన్నాడు మా గుంటూరు కుర్రాడు.

"సర్వర్‌లో ఉందా?"

"ఉందన్నా."

"ఇంకేం మరి, రీస్టార్ట్ చెయ్."

పదేళ్ల అనుభవం ఊరికే రాదు. రీస్టార్ట్ అయ్యాక కూడా అదే ఎర్రర్ వచ్చింది. మా మేనేజర్ గారు ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం. వెంటనే తొమ్మిది మందితో కాల్ పెట్టించారు.

కాల్‌లో మొదటి గంట ఒక మౌలిక చర్చకే సరిపోయింది: ఇది క్లాస్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షనా, నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రరా? రెండూ ఒకటే అనుకునేవాళ్లకు ఒక మాట. మొదటిది, పేరు చెప్పి వీధంతా అడిగితే అలాంటివాళ్లు ఇక్కడెవరూ లేరనడం. రెండోది, నిశ్చితార్థానికి వచ్చినవాడు పెళ్లికి రాకపోవడం. అంటే కంపైల్ చేసినప్పుడు (రాసిన కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చినప్పుడు) ఉంది, నడిపేటప్పుడు లేదు. ఇంట్లోనే ఉండి, పొద్దున స్టాటిక్ బ్లాక్‌లో (క్లాస్ లేవగానే నడిచే కోడ్‌లో) దెబ్బతిని అలిగి పడుకున్నది కూడా ఈ రెండో లెక్కలోకే వస్తుంది. మాది మొదటి రకం అని తేలింది. తేలాక ఏం చెయ్యాలో మాత్రం తేలలేదు.

సర్వర్ టీమ్ "మా దగ్గర పనిచేస్తోంది" అంది. నిజమే, వాళ్లింట్లో బియ్యం ఉన్నాయి. మనింట్లో అన్నం ఉడకదు కదా! క్లయింట్ (అంటే గోడౌన్ కంప్యూటర్) వైపు జావాను నడిపే జేవీఎం తన క్లాస్‌పాత్‌లోనే, అంటే క్లాసుల కోసం చూడమని ఇచ్చిన చోట్ల జాబితాలోనే, వెతుక్కుంటుంది. 1997లో ఆర్‌ఎంఐ (ఒక కంప్యూటర్‌లోని జావా ఇంకో కంప్యూటర్‌లోని జావాతో పని చేయించుకునే పద్ధతి) వచ్చిన కొత్తలో, వచ్చే అతిథి పరుపు కూడా వెంట తెచ్చుకోవచ్చన్నారు. అవతలివాళ్లు చెప్పిన చిరునామా నుంచి క్లాస్‌ను దించుకునే ఏర్పాటు అది. పరుపులో ఏముందో ఎవరికి తెలుసు? అందుకే 2013లో జావా 7 అప్‌డేట్ 21 నుంచి ఆ తలుపు మామూలుగా మూసే ఉంటుంది. చివరికి బెంగళూరు పద్ధతిలో తప్పును కూడా బైటూ చేసి, సగం వాళ్లు, సగం మేము తీసుకున్నాం.

మా కుర్రాడు ఆ క్లాస్ ఉన్న జార్ ఫైల్ (క్లాసుల మూట) తెచ్చి, స్టార్టప్ స్క్రిప్టులో క్లాస్‌పాత్‌కి చేర్చాడు. ఫలితం సున్నా. అదే లైన్లో మైనస్ జార్ (ఫలానా జార్‌ను నడుపు అనే ఆజ్ఞ, -jar) అని ఉంటే, పక్కన రాసిన క్లాస్‌పాత్‌ను జావా పట్టించుకోదు. పట్టించుకోవడం లేదని కూడా చెప్పదు. నాకు తెలిసిన కొందరు ఆఫీసర్లు ఇలాగే ఉంటారు. ఆ నడిచే జార్ లోపలుండే వివరాల చీటీ, మ్యానిఫెస్ట్‌లో రాయాలని తెలిసేసరికి ఇంకో గంట పోయింది.

అప్పుడు కుర్రాడు లాగ్‌ను (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాను) అడుగుదాకా, ఆ పొడుగు పేరుతో సహా, చదివాడు. అందరం పైన రెండు లైన్లు చూసి మాట్లాడుతున్నాం మరి.

"అన్నా, దీని పేరు అవుట్ ఆఫ్ స్టాక్ ఎక్సెప్షన్."

కాల్‌లో కాసేపు ఎవరి మైకూ ఆన్ కాలేదు. సర్వర్ పాపం "సరుకు లేదు నాయనా" అని చెప్పబోయింది. ఆ మాటను రెండు వారాల కిందట తనే సొంతంగా చేసుకున్న ఎక్సెప్షన్‌లో చుట్టి పంపింది. విప్పడానికి క్లయింట్ దగ్గర ఆ క్లాస్ లేదు. చావు కబురు చల్లగానే వచ్చింది, వినేవాడికే చెవుల్లేవు.

మ్యానిఫెస్ట్ సరిచేసి పంపాం. సాయంత్రం ఆరింటికి గోడౌన్ తెర మీద తెల్లటి డబ్బాలో "ఈ సరుకు నిల్వలో లేదు" అని వచ్చింది. చప్పట్లు కొట్టుకుని కాఫీకి లేచాం. మెట్ల దగ్గర ఉండగానే ఫోన్.

"సార్, పాత ఎర్రర్ పోయింది, థాంక్స్. ఇప్పుడు ఇంకో కొత్త ఎర్రర్ వస్తోంది, కొంచెం చూస్తారా?"