నెత్తురు కాదు, కళ్లె చూడాలి

గుంటూరు మిర్చి యార్డులో దగ్గు ఎవరికీ వింత కాదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ అయినా, తొడిమలు తీసే ఆడకూతురైనా నెల రోజులుగా దగ్గుతూ కూడా ‘ఘాటుకేలే’ అని సరిపెట్టుకుంటారు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడి, అన్నం సహించక, బట్టలు వదులయ్యాక కొత్తపేట ఆసుపత్రుల దారి పడతారు. అక్కడ వాళ్లే ముందు అడిగేది రక్త పరీక్ష. రక్తంలో అన్నీ తెలిసిపోతాయన్న నమ్మకం మనలో అంత గట్టిది.

ఊపిరితిత్తుల క్షయ (టీబీ) దగ్గర ఆ నమ్మకం ప్రాణాల మీదకు తెస్తుంది. ఒంట్లో వాపు ఉందా అని చూసే ఈఎస్‌ఆర్ అనే రక్త పరీక్ష అంకె రక్తహీనత ఉన్నా పెరుగుతుంది, మరే ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఇక రక్తంలో యాంటీబాడీలను వెతికే టీబీ ఐజీజీ, ఐజీఎం కిట్లు జబ్బు లేనివారికి ఉందని, ఉన్నవారికి లేదని చెప్పాయి. అందుకే 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడొద్దంది. 2012 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం వాటి దిగుమతి, తయారీ, అమ్మకాలను నిషేధించింది.

ఇగ్రా అనే మరో రక్త పరీక్షకు ఆ నిషేధం లేదు. కానీ అది చెప్పేది క్షయ క్రిమి ఒంట్లో చేరిందా అన్నంతవరకే. మన దేశంలో కోట్ల మంది ఒంట్లో ఆ క్రిమి నిద్రపోతూ ఉంటుంది, వారిలో ఎక్కువ మందికి జన్మంతా జబ్బు రాదు. రోగి ఇంట్లోవాళ్లకు ముందుజాగ్రత్త మందులు ఇవ్వాలా అన్నది తేల్చడానికి ఇగ్రా పనికొస్తుంది. అది పాజిటివ్ వచ్చిందని ఆరు నెలల కోర్సు మొదలుపెట్టడం తప్పు. నెగెటివ్ వచ్చిందని దగ్గే మనిషిని ఇంటికి పంపడం అంతకన్నా పెద్ద తప్పు, ఎందుకంటే ఆ ఇంట్లో పసిపిల్లలుంటారు.

తేల్చి చెప్పేది కళ్లె. కళ్లెలో క్రిమి జన్యువును వెతికే సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు కొద్ది గంటల్లోనే క్రిమి ఉందో లేదో చెబుతాయి, క్షయకు వాడే ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ఆ రెండో సంగతి ఏ రక్త పరీక్షా చెప్పలేదు. పైగా సర్కారు దవాఖానాల్లో ఇది ఉచితం.

అయినా జనం వెనకాడతారు. చెయ్యి చాపి రక్తం ఇచ్చినంత తేలిగ్గా డబ్బాలో ఉమ్మలేరు, సిగ్గు. ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న మంగళగిరి స్థలంలో ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. ఆ కాలపు భయం ఇంకా మనల్ని వదల్లేదు. డబ్బా చేతిలో పెట్టి ‘రేపు తెండి’ అంటే చాలామంది లాలాజలం నింపి తెస్తారు. దానిలో క్రిమి దొరక్కపోతే జబ్బు లేదనుకుంటారు. పొద్దున్నే నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోతు నుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్లె కావాలని ఓపిగ్గా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు మన ఆసుపత్రుల్లో దొరకడం లేదన్నదే మా బాధ.

గుంటూరు, విజయవాడల్లోని ప్రైవేటు డాక్టర్లకు మా విన్నపం ఒకటే: రెండు వారాలు దాటిన దగ్గుకు మొదటి చీటీ కళ్లె పరీక్షకే రాయండి. ఇగ్రా రిపోర్టు మీద ‘దీన్నిబట్టి టీబీ జబ్బు ఉందని గానీ లేదని గానీ చెప్పలేం’ అని తెలుగులో అచ్చు వేయాలని వైద్య ఆరోగ్య శాఖ ల్యాబులను ఆదేశించాలి. మిర్చి సీజన్ నడిచినన్నాళ్లూ యార్డు గేటు దగ్గరే ఒక ఆరోగ్య కార్యకర్తను కూర్చోబెట్టి, డబ్బాలిచ్చి, నమూనాలను ఆ రోజే జీజీహెచ్‌కు (గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి) చేర్చాలి. కూలి పోగొట్టుకుని లైన్లో నిలబడే స్తోమత ఆ హమాలీకి లేదు.