అమెరికాలో ఐదేళ్ల గడువు పెట్టాక జరిగింది ఇదీ

"పేదలకిచ్చే డబ్బుకు అమెరికా ఐదేళ్ల గడువు పెట్టింది. అందరూ పనిలోకి వెళ్లారు, పేదరికం పోయింది. మన పింఛన్లకూ గడువు పెట్టాలి." వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది. గడువు సంగతి నిజమే. 1996 ఆగస్టు 22న అప్పటి అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో టానఫ్ (పిల్లలున్న పేద కుటుంబాలకు తాత్కాలిక నగదు సాయం) పథకం వచ్చింది, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బుతో సాయానికి జీవితకాలంలో 60 నెలల పరిమితి పెట్టారు. మిగతాదంతా తప్పు.

అందరూ పనిలోకి వెళ్లారా? ఒంటరి తల్లుల్లో ఉద్యోగాలు చేసేవాళ్లు పెరిగారు, కాదనను. కానీ అప్పుడు ఉద్యోగాలు విరివిగా దొరికే కాలం. పైగా తక్కువ జీతగాళ్లకిచ్చే పన్ను రాయితీని 1993లోనే బాగా పెంచారు. ఈ రెండూ వదిలేసి ఘనతంతా గడువుకే కట్టబెట్టడం న్యాయం కాదు.

సాయం పొందేవాళ్ల జాబితా తగ్గితే పేదరికం పోయినట్టా? పిల్లలున్న ప్రతి 100 పేద కుటుంబాల్లో 1996లో 68 కుటుంబాలకు నగదు అందేది. 2020 నాటికి 21కే అందింది. మిగతా 79 కుటుంబాలూ పేదవే, ఈ నగదు సాయం మాత్రం లేదు.

"ఊరికే కూర్చుని తింటున్నారు" అనేవాళ్లు అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రాన్ని చూడాలి. 2021 వరకు అక్కడ ముగ్గురున్న కుటుంబానికి నెలకు గరిష్ఠంగా 170 డాలర్లు. పైగా దేశమంతటా ఈ సాయం పొందేవాళ్లలో ఎక్కువమంది పిల్లలే. మరి డబ్బు ఎటు పోయింది? అమెరికా కేంద్ర ప్రభుత్వం ఈ పథకం కింద ఏటా రాష్ట్రాలకు దాదాపు 1,650 కోట్ల డాలర్లు ఇస్తుంది. ధరలు ఎంత పెరిగినా ఆ మొత్తం పెరగలేదు. అందులో నగదుగా పేదింటికి చేరేది కొంతే, మిగతాది రాష్ట్రాలు ఇతర పద్దులకు మళ్లించుకోవచ్చు. మిసిసిపీలో కనీసం 7.7 కోట్ల డాలర్లు దారి మళ్లాయని ఆడిట్లో తేలింది. అందులో 50 లక్షల డాలర్లు ఒక యూనివర్సిటీ వాలీబాల్ స్టేడియానికి వెళ్లాయి. పసిపిల్లల పాల డబ్బులతో స్టేడియం కట్టడం తలచుకుంటేనే కడుపు మండుతుంది.

ఐదేళ్లన్నది కూడా పైహద్దు మాత్రమే. రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు. అరిజోనా 12 నెలలకు కుదించింది.

ఇక మన పింఛన్లు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000 రూపాయలు అందుకుంటున్నది ప్రధానంగా వృద్ధులు, వితంతువులు. వాళ్లను ఐదేళ్ల తర్వాత ఏ పనికి పంపుతారు? ఆ మెసేజ్ రాసినవాళ్లు దాచిన సంగతి ఒకటుంది: ఆదాయం అంతగా లేని వృద్ధులకు, వికలాంగులకు అమెరికా నెలనెలా ఇచ్చే ఎస్ఎస్ఐ నగదు సాయం వేరే పథకం. అర్హత ఉన్నంతకాలం తన పౌరులకు దాన్ని ఇస్తూనే ఉంటుంది, ఐదేళ్ల గడువు దానికి లేదు.