పని ఇచ్చేవాడు డిపాజిట్ అడగడు

“ఇంటి నుంచే వెబ్‌సైట్లు, ఏఐ సేవలు. నెల రోజుల్లో క్లయింట్లు గ్యారంటీ” అనే సందేశాన్ని ఈ మధ్య నాకు చాలామంది పంపుతున్నారు. మంచి మనసుతోనే పంపుతున్నారు, నా బాధ కూడా అదే. బీటెక్ పూర్తి చేసి ఇంట్లో ఉన్న మేనల్లుడికో, పిల్లల కోసం ఉద్యోగం మానేసిన చెల్లెలికో పనికొస్తుందని ఆశ. అందులో ఆరు సూచనలున్నాయి. వాటికి నా జవాబు ఇది.

“జీఎస్టీ నంబరు లేకపోతే ఏ క్లయింటూ పని ఇవ్వడు.” తప్పు. సేవలు అందించేవారికి ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటేదాకా మన రెండు రాష్ట్రాల్లో సాధారణంగా ఆ నమోదు అక్కర్లేదు. మొదటి క్లయింటే దొరకనివారిని ఆడిటర్ దగ్గరికి పరుగెత్తించవద్దు.

“ఫైవర్, అప్‌వర్క్‌లలో ఖాతా తెరిస్తే పని దానంతట అదే వస్తుంది.” రాదు. ఇవి విడి పనులు ఇచ్చేవారిని, చేసేవారిని కలిపే వెబ్‌సైట్లు. ఫైవర్ మన సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్‌లో ప్రతిపాదనలు పంపడానికి కనెక్ట్స్ అనే టోకెన్లు కావాలి, ఉచితంగా ఇచ్చినవి అయిపోతే కొనుక్కోవాలి. ఆ వేదికలు పనికిరావని నేను అనను. కానీ “వెబ్‌సైట్లు చేస్తాను” అని రాసుకున్నవారు అక్కడ లెక్కలేనంతమంది. “దంత వైద్యశాలలకు అపాయింట్‌మెంట్ పేజీలు చేస్తాను” అని రాసుకుంటే కనీసం వెతికేవారి కంట పడతారు.

“రోజూ వందమందికి ఒకే సందేశం పంపండి.” పంపితే ఏమవుతుందో చెప్పరు. 2024 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న జీమెయిల్ నిబంధనల ప్రకారం పంపినవారిపై స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. వందమందిలో ఒక్కరు స్పామ్ అని నొక్కినా ఒక శాతం! రేపు నిజంగా మన కొటేషన్ కోసం ఎదురుచూసే మనిషికి కూడా మన మెయిల్ కనబడకపోవచ్చు. అడగకుండా గుంపుగా సందేశాలు పంపితే వాట్సాప్ నంబరునే నిలిపివేయవచ్చు. పదిమంది వెబ్‌సైట్లు నిజంగా తెరిచి చూసి, ఎక్కడ ఏమి పనిచేయడం లేదో ఒక్కొక్కరికీ విడిగా రాయడం ఇంతకన్నా మేలు.

“కోడింగ్ రాకపోయినా ఫరవాలేదు, ఏది అడిగినా చేస్తామనండి, ఏఐ చూసుకుంటుంది.” ఏఐ తప్పు చెప్పిన రోజు బాధ్యత ఎవరిది? ఎయిర్ కెనడా విమాన సంస్థ చాట్‌బాట్ (కస్టమర్లకు జవాబులు చెప్పే ప్రోగ్రాం) ఒక ప్రయాణికుడికి రాయితీ గురించి తప్పు సమాచారం ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రిబ్యునల్ ఆ తప్పుకు సంస్థే పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. మన ఊరి ఆసుపత్రికి మీరు పెట్టిన చాట్‌బాట్ మందు మోతాదు తప్పు చెబితే? డిగ్రీ లేకపోవడం అడ్డంకి కాదు, అది నిజమే. చేసిన పనిని సరిచూడలేకపోవడం మాత్రం అడ్డంకే.

ఇక ఐదో సూచన. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. “కొత్తవారు ముందు ఏజెన్సీలకు చిన్న డిపాజిట్ కట్టి ప్రాజెక్టు తీసుకోండి. డబ్బు తిరిగి వస్తుంది, అనుభవమూ వస్తుంది.”

డబ్బు తిరిగి రాదు. ఈ మోసం నడిచే తీరు ఏళ్ళ తరబడి ఒక్కటే. ఆధార్, పాన్ తీసుకుంటారు. ఆన్‌లైన్లో ఒక ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. మసకబారిన ఫారాల బొమ్మలు ఇచ్చి వారంలో టైపు చేయమంటారు, లేదా ఒక వెబ్‌సైట్‌లో వందల పేజీలు నింపమంటారు. రాత్రింబవళ్ళు కూర్చుని పూర్తి చేస్తే “కచ్చితత్వం సరిపోలేదు” అంటారు. ఎక్కడ తప్పిందో చూపించరు. డిపాజిట్ పోతుంది. అక్కడితో ఆగరు: ఒప్పందం ఉల్లంఘించావని, కంపెనీకి నష్టం కట్టమని వాట్సాప్‌లో లాయరు నోటీసు వస్తుంది. ఆ తర్వాత కోర్టు కాగితమంటూ ఇంకొకటి, పోలీసులమంటూ ఫోను. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక బంగారం తాకట్టు పెట్టి కట్టే ఆడపిల్లల సంగతి ఈ సందేశం రాసినవాడికి పట్టదా?

భయపడుతున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే వినండి. లాయరు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. టైపింగు ఒప్పందం తప్పినందుకు ఎవరినీ అరెస్టు చేయరు, అది సివిల్ వ్యవహారం. ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది, అదీ కోర్టుకు వెళ్ళి నెగ్గితే. సమన్లతో పాటు యూపీఐ క్యూఆర్ కోడ్ పంపే కోర్టు ఈ దేశంలో లేదు. ఇంకొక్క రూపాయి కట్టవద్దు. కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

“అప్‌వర్క్ కూడా డబ్బు తీసుకుంటుంది కదా” అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అది వేదిక బహిరంగంగా చెప్పి తీసుకునే రుసుము. పని చేయించుకునే మనిషి పని చేసేవాడి దగ్గర డబ్బు తీసుకోవడం వేరు. తాపీమేస్త్రీని గోడ కట్టమని పిలిచి, ముందు నువ్వే డబ్బు కట్టు అనే ఇంటి యజమానిని ఎక్కడైనా చూశారా?

చివరి సూచన చదివి ఆశ్చర్యపోయాను: “విదేశీ క్లయింట్ల కోసమే ఎదురుచూడకండి, మీ ఊళ్ళో దుకాణాలకు వెళ్ళి తెలుగులో మాట్లాడండి.” ఇది పూర్తిగా ఒప్పుకుంటాను. డబ్బు తీసుకుని పాఠాలు చెప్పేవారిలో కూడా ఈ మాట చెప్పేవారు తక్కువ. గూగుల్ మ్యాప్‌లో పాత ఫోను నంబరే ఉన్న టిఫిన్ సెంటరు, ఫోనులో తెరుచుకోని దరఖాస్తు ఫారం ఉన్న కోచింగ్ సెంటరు, రోజూ ఒకే ధరల ప్రశ్నకు వాట్సాప్‌లో చేత్తో జవాబు టైపు చేసే పోచంపల్లి చీరల వ్యాపారి, వీళ్ళంతా మన చుట్టూనే ఉన్నారు. ఏఐ అనే మాట ఎత్తకుండానే వారి అవసరం తీర్చవచ్చు. ఒకరి పని బాగా చేస్తే పక్క దుకాణం ఆయన అడుగుతాడు.

ఊళ్ళో క్లయింట్లతో ఇబ్బంది డబ్బు వసూలు దగ్గర వస్తుంది. అందుకే పని మొదలుపెట్టకముందే చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. అది ఉచితం, డబ్బు అడిగే దళారులను నమ్మవద్దు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగవచ్చు. ఏ పేజీలు చేస్తారో, ఎన్నిసార్లు మార్పులు చేసి ఇస్తారో ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. అడ్వాన్సు చేతికి వచ్చాకే డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) కొనండి, అదీ క్లయింటు పేరు మీదే.