చెక్క కూజా గారికి ఇల్లాలి విన్నపం

మహారాజశ్రీ పనస చెక్క కూజా గారికి,

పలాస పక్క ఊరి నుంచి మీ చాకిరీలో ఉన్న ఇల్లాలు రాసుకొను విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మటుకు క్షేమంగా లేరని మీ ఒంటి మీది చీలికే చెబుతోంది.

మీ వంశం గొప్పదే, కాదనను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస అని చూడకుండా పడగొట్టినా నిలబడ్డ చెట్టు కొమ్మ మీరు. అంత గాలికి చలించనివారు మా ముందుగది ఫ్యాను గాలికి టప్పుమని పగిలారు!

మా ఆయనది తరిణె పని, అంటే మిషను మీద తిరిగే కర్రను ఉలితో చెక్కడం. మంచం కోళ్లు, కవ్వాలు, అప్పడాల కర్రలు. వాటికి పని అంతా పైపైనే, ఉలి మొన ఎక్కడుందో కంటికి కనబడుతుంది. మీకేమో రూపాయి బిళ్లంత మూతి, గుమ్మడికాయంత పొట్ట కావాల్సి వచ్చింది. వంకర ఉలిని ఆ మూతిలో దూర్చి, చేతికి తగిలే అదురునూ చెవిన పడే చప్పుడునూ నమ్ముకుని తొలవాలి. గోడ పలచబడేకొద్దీ మీ గొంతు మారుతుందట. ఆ కచేరీ వింటూ ఆయన అన్నం మాట మరిచిపోయారు. కాసేపటికోసారి మీ కడుపు పొట్టుతో నిండిపోవడం, మిషను ఆపడం, నా పోపు గరిటె కాడతో గోకి బయటికి లాగడం. సెల్లు టార్చి పట్టుకున్నది నేనే. పసుప్పచ్చటి పనస పొట్టు నా జడలో ఇంకా రాలుతోంది.

మీ చుట్టాలు ఇంత గారాలు పోలేదండీ. గొల్లపల్లిలో బొబ్బిలి వీణ చేసేవాళ్లదీ పనస దుంగే. పైనుంచి తొలుస్తారు, కడుపంతా కళ్లెదుటే ఉంటుంది, తొలవడం అయ్యాకే పైన పలక మూస్తారు. ఏటికొప్పాక కుంకుమ భరిణె అయితే నోరు బార్లా తెరిచి తొలిపించుకుని, ఆ తర్వాత మూత పెట్టుకుంటుంది. ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మూసిన నోటితో కడుపు ఖాళీ చేయించుకునే పంతం మీదొక్కరిదే.

పైగా దుంగ నడిమి బెండును వదల్లేదు మీరు. కర్ర ఆరేటప్పుడు చుట్టూ ఎంత కుంచించుకుంటుందో, నడుమ నుంచి బెరడు వైపు దాదాపు అందులో సగమే కుంచించుకుంటుంది. ఆ లాగులాటలో ఎక్కడో ఒకచోట చీలాల్సిందే. అందుకే తెలిసినవాళ్లు బెండు తప్పించి, పచ్చి కర్రను పది అంగుళాల వెడల్పుకి అంగుళం గోడ ఉండేలా మందంగా తొలిచి, నెలల తరబడి నీడన ఆరనిచ్చి, మళ్లీ తరిణె పడతారు. తమరికి అంత ఓపికెక్కడిది? సంక్రాంతికల్లా షోకేసు ఎక్కాలి!

ఇక వైద్యం. మీ చీలికలో నా కాఫీ పొడి కూరి, పైన ఫెవిక్విక్ పోశారు. రుద్దాక నల్లటి గీత ఒకటి తేలింది. అది కావాలని పెట్టిన డిజైనని మా ఆయన వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు, మీరూ ఖండించడం లేదు. మా అత్తగారొక్కరే మిమ్మల్ని తిరగేసి చూసి, "నీళ్లు పోస్తే నిలవవు, చెయ్యి పెడితే దూరదు. ఏటికిరా ఇది?" అన్నారు. ఇన్నేళ్లుగా నీళ్లు మోస్తున్న మా బుడితి ఇత్తడి చెంబును షోకేసు దాకా ఎవరూ రానివ్వలేదు మరి.

మిమ్మల్ని దిగమని అడగను. రాత్రి భోజనాలయ్యాక ఆయన మిమ్మల్ని ఒళ్లో పెట్టుకుని, మూతిలో వేలు పెట్టి తడుముతూ "ఇక్కడ ఇంకొంచెం పలచబడాల్సింది" అంటుంటారే, అప్పుడు కాస్త బిగుసుకుపోండి, చాలు. పెరట్లో రెండో దుంగ దిగింది. పెళ్లి మంచానికి అడ్వాన్సు పుచ్చుకున్నాం, ఖర్చు పెట్టేశాం కూడా. ఆ నాలుగు కోళ్లూ అయ్యేదాకా మీ తమ్ముడి ఊసెత్తకండి.

ఇట్లు,
పోపు గరిటె పోగొట్టుకున్న ఇల్లాలు