మనవాడే కదా అనుకుంటే

అమెరికాలో మనవాళ్లని మనవాళ్లే ఎందుకిలా కాల్చుకు తింటారు? పదిమంది ఉన్న మీటింగ్‌లో "ఇది కూడా రాదా నీకు?" అని తెలుగులో కసరడం, ఆ మరుక్షణమే పక్కవాడితో ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడటం. ఏం, మర్యాద పరాయివాళ్లకేనా?

మన మేనేజర్లే శుక్రవారం సాయంత్రం పని అంటగట్టి సోమవారానికల్లా కావాలంటారు. కాదంటే వీసా గుర్తుచేస్తారు. ఉద్యోగం పోతే హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) వాళ్లకి అమెరికాలో ఉండటానికి మహా అయితే 60 రోజులు. ఇక్కడే పనిచేయాలంటే ఆలోపే కొత్త కంపెనీ వీసా పిటిషన్ వేయాలి. ఆ భయమేంటో తెలియదా? వాళ్లూ ఆ దారిన వచ్చినవాళ్లేగా!

ఇక కొన్ని కన్సల్టెన్సీలు. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొడతారు. ఇది చట్టవిరుద్ధం! పని చూపించకపోవడం కంపెనీ తప్పు, ఎల్‌సీఏలో (వీసా కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే హామీపత్రం) రాసిన జీతం ఇచ్చి తీరాలి. హెచ్‌1బీ లాయర్ ఫీజు కూడా మన జీతంలో కోయకూడదు. ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు (జీతం చీటీలు), ఈమెయిళ్లు అన్నీ దాచుకోండి. డబ్ల్యూహెచ్‌-4 ఫారంతో 12 నెలల్లోపు లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేయొచ్చు. "మనవాడే కదా" అని ఊరుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

బయటా అంతే. దుకాణంలో ఎదురుపడితే చూపు తిప్పేసుకుంటారు. పలకరిస్తే మొదటి ప్రశ్న "గ్రీన్‌కార్డు వచ్చిందా?" రెండోది "ఇంటిపేరేంటి?" ఆ రెండోది ఎందుకో అందరికీ తెలుసు. కులవివక్షని నిషేధిస్తూ 2023లో సియాటిల్ నగరం చట్టం చేయాల్సి వచ్చింది. సముద్రాలు దాటొచ్చి ఇదా మనం మోసుకొచ్చింది?