పావలా సీసా

మా నాన్న రైల్వేలో టీసీగా చేసి బెజవాడలో రిటైరయ్యారు. జర్మనీలో మా ఇంటికొచ్చిన కొత్తలో ఆయనకు మ్యూనిక్‌లో వింతగా కనబడనిది లేదు. ఆదివారం కొట్లు తీయరంటే నమ్మక, సంచీ పట్టుకుని వెళ్లి మూసిన తలుపులు చూసొచ్చారు. కనుచూపు మేర ఒక్క బండీ లేకపోయినా జనం ఎర్రలైటు దగ్గర ఆగిపోవడం మాత్రం తెగ నచ్చింది. రైల్వే మనిషి కదా, సిగ్నల్ అంటే సిగ్నలే.

పేచీ నీళ్ల దగ్గర వచ్చింది. ఇక్కడ కుళాయి తిప్పి తాగేయొచ్చు, ఆల్ప్స్ కొండల వైపు నుంచి వస్తాయంటే, "కృష్ణ కూడా కొండల్లోంచే వస్తుంది. కాచకుండా తాగుతున్నామా?" అని వెళ్లి సీసాలు కొనుక్కొచ్చారు. తీరా చూస్తే అవి గ్యాసు నీళ్లు. అమ్మ చూసుకోకుండా వాటితోనే పెరుగు చిలికింది. మజ్జిగ తాగాక మనిషి త్రేన్చడం తెలుసు గానీ, మజ్జిగే త్రేన్చడం ఆ రోజే చూశాం.

రెండోసారి మామూలు నీళ్లే తెచ్చారు. అప్పుడు బిల్లు మీద పడింది ఆయన కన్ను. సీసాకు 25 సెంట్లు డిపాజిట్. ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కిస్తారు. 2003 నుంచీ ఉన్న పద్ధతే. చవక రకం కొంటే ఒక్కోసారి నీళ్ల కన్నా సీసాకే ఎక్కువ పడుతుంది. "పావలా యూరో అంటే మన లెక్కలో ఇరవై పైమాటే!" అన్నారు నాన్న. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు నీళ్లు తాగుతున్నా, ఎప్పుడు ఖాళీ అవుతుందా అని పక్కనే నిలబడేవారు.

శనివారం సంచీ నిండా సీసాలతో సూపర్ మార్కెట్‌కి వెళ్లాం. అక్కడి మెషిన్ గుండ్రటి నోట్లో సీసా పెడితే గిరగిరా తిప్పి, లేబుల్ మీద గుర్తు చూసుకుని లోపలికి లాక్కుంటుంది. నాన్న పెట్టిన సీసాను తిప్పింది, చూసింది, టికెట్ లేని ప్యాసింజర్ని దింపేసినట్టు బయటికి తోసేసింది. ఇంకొకటీ అంతే. సంచీలోకి తొంగిచూస్తే ప్రతి సీసా అప్పచ్చి అయిపోయి ఉంది, పైగా మూత బిగించి!

"తాగాక నలిపెయ్యమని మన రైలు సీసాల మీద రాసుంటుంది కదరా! ఎంతమంది ప్యాసింజర్లకు చెప్పానో!"

వెనక క్యూ పెరుగుతోంది. ఒక్కరూ నోరు మెదపరు. బెజవాడలో అయితే ఈపాటికి సగం మంది సలహా చెప్పేవాళ్లు, మిగతా సగం తిట్టేవాళ్లు. ఆ నిశ్శబ్దానికే నాకు టెన్షన్ పట్టుకుంది. నాన్నకు అదేమీ లేదు. మూత తీసి, బుగ్గలు పొంగించి ఒక్క ఊదు ఊదారు. టప్పుమని సీసా లేచి కూర్చుంది. మెషిన్ మింగేసింది! వెనకున్న పెద్దావిడ మారుమాట లేకుండా ముందుకొచ్చి, ఒక్కో సీసా మూత తీసి ఆయన చేతికి అందించడం మొదలుపెట్టింది.

అలా డజను సీసాలు ఊదారు. చిల్లర రాలుతుందని దోసిలి పట్టుకు నిలబడితే చీటీ వచ్చింది. దాన్ని కౌంటర్లో ఇచ్చి మూడు యూరోలు పుచ్చుకునేసరికి ఆయనకు కళ్లు తిరిగాయి. పక్క బేకరీలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాను.

ఇంటికొచ్చాక అమ్మ అంతా విని, "కాఫీ ఎంతట?" అంది.

"మూడున్నర యూరోలు."

నాన్న ఠక్కున నా వైపు తిరిగారు. "కప్పుకు డిపాజిట్ ఉందేమో అడిగావురా?"