వర్గీకరణ ప్రాక్టికల్‌లో పుస్తకమేది?

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెబుతున్న ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. శిక్షణకు లండన్ వెళ్లినప్పుడు సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో మెకానో సెట్టు చూశారు. అవే రేకులు, అవే నట్లు, బోల్టులు. బిగించే తీరు మారితే బొమ్మ మారిపోతుంది. పుస్తకం విషయాన్ని అంశాలుగా విడదీసి, వాటి గుర్తులను కలిపి సంఖ్య కట్టే 1933 నాటి కోలన్ వర్గీకరణకు బీజం అక్కడే పడింది. 1929లో మద్రాసులో మొదలైన వేసవి శిక్షణ మొదలు 1962లో బెంగళూరులో పెట్టిన డీఆర్‌టీసీ (డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రం) దాకా ఆయన మాస్టారుగానే ఉన్నారు. మన బీఎల్ఐఎస్సీ (గ్రంథాలయ శాస్త్ర డిగ్రీ) తరగతుల్లో మాత్రం ఆయన్ని చాలాచోట్ల ఆయన చెప్పిన గ్రంథాలయ పంచసూత్రాల కంఠస్థానికి కుదించేశారు. ఇది అన్యాయం.

ప్రాక్టికల్ పరీక్షలో పుస్తకం ఉండదు, కాగితం మీద పది శీర్షికలుంటాయి. అసలు విషయమేదో శీర్షిక ఒక్కటే చెప్పదు. విషయసూచిక, ముందుమాట, చివరి పదసూచిక తిరగేస్తేనే తేలుతుంది.

‘భారతదేశంలో 1950లో ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్‌రే చికిత్సపై పరిశోధన’ అన్న పాఠ్యపుస్తకాల ఉదాహరణే తీసుకోండి. ఒక్కో అంశాన్ని ఒక్కో చీటీ మీద రాయించాలి. కొత్తవాళ్లు శీర్షికలో ముందున్న ‘భారతదేశం’ చీటీనే ముందు పెడతారు. అలా పెడితే క్షయ పుస్తకాలన్నీ దేశాలవారీగా చెల్లాచెదురవుతాయి. కోలన్ పద్ధతిలో సరైన వరుస ఇది (బ్రాకెట్లలోవి ఆయా అంశాల గుర్తులు): వైద్యం (ఎల్), ఊపిరితిత్తులు (45), క్షయ (421), చికిత్స (6), ఎక్స్‌రే (253), పరిశోధన (ఎఫ్), ఇండియా (44), 1950 (ఎన్5). మూర్తమైనది ముందు, స్థలకాలాలు చివర. చీటీలు చేత్తో జరిపిన విద్యార్థికి ఈ వరుస మళ్లీ చెప్పక్కర్లేదు.

షెల్ఫు దగ్గర మరో తప్పు దొర్లుతుంది. మరో వర్గీకరణ పద్ధతి అయిన డ్యూయీలో తెలుగు కవిత్వం 894.8271, నాటకం 894.8272. ఒక కవితా సంపుటికి 894.82713 వేశారనుకుందాం. బిందువు తర్వాత అయిదంకెలున్నాయి కాబట్టి పెద్దదనుకుని దాన్ని నాటకాల తర్వాత సర్దేస్తారు. ఇవి దశాంశాలు. చివరి 3కి ముందున్న 1 దగ్గరే దాని చోటు ఖాయమైపోయింది, అది నాటకాలకు ముందే రావాలి. కేటలాగులో ఉన్న పుస్తకం బీరువాలో దొరక్కపోవడానికి ఇదొక పెద్ద కారణం.

అందుకే ప్రాక్టికల్ మార్కుల్లో సగమైనా బీరువా ముందే వెయ్యాలి. ముప్పై పుస్తకాలు కలగలిపి ఇచ్చి సర్దించాలి. తర్వాత పరీక్షకుడు ఒక పుస్తకం చోటు మార్చాలి, అదెక్కడ తప్పిపోయిందో, ఎందుకు తప్పో విద్యార్థి చేత చెప్పించాలి.